బీడు భూమిలో మడక

"ఏమప్పా, పనిలో ఉండావా, ఉత్తిగుండావా?"

ఎదురుపడిన మగవాణ్ణి ఎవరినైనా ఆమె పలకరించే తీరు ఇదే. బాగున్నావా, తిన్నావా అనేవి ఆమెకు తర్వాతి సంగతులు. పనిలో ఉన్నానంటే "పో, పో" అని దారి ఇచ్చేది. ఉత్తిగున్నానని పొరపాటున అన్నామా, అయిపోయినట్టే. చెనిక్కాయలు, అదే వేరుశనగ కాయలు, ఒలవమని చాట తెచ్చి ఒళ్లో పెట్టేది. కాయలు లేని కాలంలో నార ఇచ్చి పగ్గం పేనమనేది. నేను పశువుల ఆసుపత్రి మనిషిని, సర్కారు జీతగాణ్ణి, పైగా ఆమె ఎద్దుకు సూది వేయడానికి వచ్చినవాణ్ణి. అయినా నాకు మినహాయింపు లేదు. సూది వేసి, చేతులు కడుక్కుని, కాస్త నీడన కూర్చుంటే చాట వచ్చేది.

మొన్న ఆమె కొడుకు ఫోన్ చేశాడు.

"సార్, అమ్మ పోయింది. రేపు మద్యాన్నం మట్టి చేస్తాండాం. నువ్వు రావాల."

వస్తానన్నాను. ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఉత్తిగా కూర్చున్నానని గుర్తొచ్చి, గబుక్కున లేచి పెరట్లో మొక్కలకు నీళ్లు పోశాను. మనిషి పోయింది కానీ ఆమె భయం ఇంకా పోలేదు నాకు.

ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఆ ఊళ్లోని రెండు మిద్దెలూ తెలుస్తాయి. ఆ మిద్దెల పిల్లలు ఇప్పుడు పెళ్లిళ్లలో ఒకరి పక్కన ఒకరు కూర్చుని బిర్యానీ తింటున్నారు. ఆ పంక్తిని నా చేతులారా చెడగొట్టను.

కోయిలకుంట్లకు దగ్గరి ఊరు అది. నల్లరేగడి నేల. పెద్ద మిద్దె ఒకటి, కొత్త మిద్దె ఒకటి, వాటి వెనకాల రెండుగా చీలిన ఊరు. నేను సాయిబును, అందులోనూ గొడ్ల డాక్టరును. నిజానికి కాంపౌండరునే, ఊళ్లో అందరూ డాక్టరనేవారు. బర్రెకు పార్టీ లేదు కాబట్టి నాకూ లేదని రెండు మిద్దెల వాళ్లూ ఒప్పుకున్నారు. ఎవరి దొడ్లోకైనా ఆపేవాడు లేకుండా పోయేవాణ్ణి.

మా సీమవాళ్లకు రోషం ఎక్కువని, నెత్తురు వేడి అని బయటివాళ్లు అంటారు. సినిమాలు చూసి చూసి మేమూ నమ్మేశాం. ఒకసారి ఆమె ముందు నేను కూడా ఆ మాటే అన్నాను. కాయలు చెరుగుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"అట్లయితే వానొచ్చిన ఏడు ఆ రోషం యాడ పోతాదప్పా?"

తర్వాత ఎప్పుడు ఆ ఊరికి పోయినా ఆ మాట నా వెంటే వచ్చేది. కోసిగి వైపు కరువొస్తే జనం మూటలు కట్టుకుని గుంటూరు మిరప చేలకు పోతారు. ఈ ఊళ్లో కరువొస్తే మగవాళ్లు పెద్ద మిద్దె అరుగెక్కేవారు. అక్కడ రెండు పూటలా సంగటి, అడిగినన్ని బీడీలు, పండక్కి బట్టలు. కేసు పడితే ప్లీడరు ఖర్చు ఆ మిద్దె పెద్దాయనది. మనిషి పోతే పెండ్లానికి జొన్నలు పంపేది ఆయనే. అరుగు మీద మంది ఉంటేనే ఆయనకు రోడ్డు కాంట్రాక్టు, రాళ్ల గని. వేలంపాట జరిగేచోట జీపుల నిండా మనుషులు దిగితే ఎదుటివాడు నోరెత్తడు. అలా వచ్చిన దాంట్లోంచే మళ్లీ అరుగు మీదికి సంగటి వచ్చేది. వానలు బాగా పడిన ఏడు మాత్రం అరుగు బోసిపోయేది. మిద్దెల మధ్య పగలు ఎక్కడివక్కడే ఉండేవి గానీ, వాటి కోసం కత్తి పట్టేవాళ్లంతా చేలల్లో ఉండేవారు.

ఆమె భర్త కూడా ఒక కరువులోనే అరుగెక్కాడు. మంచి సేద్యగాడు, గొంతెత్తి మాట్లాడటం కూడా రానివాడు. వాళ్లది ఎర్ర గరుసు నేల, వాన మొహం చాటేస్తే గడ్డి కూడా మొలవదు. ఒకరోజు అందరితోపాటు జీపెక్కి పోయాడు, కొత్త మిద్దె వాళ్ల చేతిలో చచ్చాడు. పెద్దాయన దగ్గరుండి ఘనంగా సమాధి చేయించాడు, ఆమెకు జొన్నల మూటలు పంపాడు. ఆ తర్వాత పెద్ద మిద్దె దెబ్బకు కొత్త మిద్దె వాళ్లు ఊరు విడిచి కోయిలకుంట్లలో అద్దె ఇంట్లో చేరారు. వాళ్ల రేగడి చేలను పెద్దాయన బీడు పెట్టించాడు.

బీడు పెట్టించడమంటే తెలియనివాళ్లకు చెప్పాలి. ఎదుటివాడి భూమి లాక్కోరు, కాగితాలు వాడి పేరు మీదే ఉంటాయి. అందులో మడక మాత్రం, అంటే నాగలి, కదలకూడదు. వాడు దున్నకూడదు, వాడి తరఫున గుత్తకో, పంటలో భాగమిచ్చే కోరుకో ఇంకొకడు దున్నకూడదు. కాదని దిగిన కూలివాడికి కాళ్లు విరుగుతాయి. చూస్తూ ఉండగానే బంగారంలాంటి రేగడి మీద సర్కారు కంప ముళ్ల అడవిలా లేచింది. ఎదుటివాడు ఆకలితో లొంగాలని ఈ ఏర్పాటు. ఆ చేలల్లో కూలి చేసి బతికినవాళ్లు మాత్రం రెండు వైపులా ఉన్నారు. వాళ్లకు పని పోయింది. పని పోయినవాడికి ఊళ్లో మిగిలిన చోటు ఒక్కటే. బీడు ముదిరిన కొద్దీ అరుగు నిండింది. పెద్దాయన ఇదంతా ఆలోచించే చేశాడో లేదో నాకు తెలియదు, ఆయనకు నష్టం మాత్రం రాలేదు.

ఆమె కొడుకుకు మీసాలు వచ్చాయి. పెద్దాయన కబురు పంపాడు: "మీ నాయన జాగా ఖాళీగుండాది, వచ్చి కూచో." వాడు పోయి కూర్చున్నాడు.

అప్పుడు ఆమె చేసిన పని నా కళ్లారా చూశాను. పెద్ద మిద్దె బర్రె ఈనలేక అవస్థపడుతుంటే పోయి, పని ముగించుకుని బయటికొచ్చాను. అరుగు నిండా మగవాళ్లు, కొందరి నడుములకు కత్తులు. ఆమె నెత్తి మీద గంపతో వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. వరసగా ఒక్కొక్కరి ఒళ్లో దోసెడు దోసెడు చెనిక్కాయలు పోసుకుంటూ పోయింది.

"ఉత్తిగనే గదా ఉండారు, ఒలిచియ్యండి. ఇత్తనాలకు గావాల."

ఏమనాలో తోచక వాళ్లు ఒలవడం మొదలుపెట్టారు. హత్య కేసులో బెయిలు మీద వచ్చినవాడొకడు పప్పు విరగకుండా ఎంత జాగ్రత్తగా ఒలుస్తున్నాడో చూస్తే నాకు నవ్వాగలేదు. పెద్దాయన బయటికొచ్చి అరుగంతా పొట్టుతో నిండి ఉండటం చూశాడు. ఆయనకూ నవ్వొచ్చింది. అదే అదనుగా ఆమె అడిగింది.

"నా కొడుకును ఇంటికి పంపు నాయనా."

"పంపుతా. ఇంట్లో వానికి ఏం పని ఉండాది?"

ఆయన ఎగతాళికి అనలేదు, మామూలుగానే అడిగాడు.  పని లేదన్నది నిజం. ఒలిచిన పప్పు గంపలోకి ఎత్తుకుని వెనక్కి తిరిగింది. దారిలో నేను పలకరిస్తే కూడా వినిపించుకోలేదు. ఊరందరినీ పనిలో ఉన్నావా అని అడిగే మనిషికి, కన్నకొడుక్కి ఇవ్వడానికి పని లేకపోయింది. ఆ రోజు ఆమెను చూస్తే నాకు చాలా బాధేసింది.

ఆ నెల నుంచి పెద్ద మిద్దె జొన్నలు వద్దంది. కొన్నాళ్లకు నన్ను పట్టుకుంది. "డాక్టరప్పా, నువ్వు రెండిండ్లకూ పోతావు. నన్ను కోయిలకుంట్లకు పిల్చకపో. కొత్త మిద్దాయనతో పనుండాది."

నా మోపెడ్ వెనక కూర్చుని వచ్చింది. ఊరు దాటేదాకా నేను వెనక్కి తిరిగి చూసుకుంటూనే నడిపాను. ఆమె మాత్రం దారి పొడవునా ఎవరి చేను ఎలా ఉందో చెబుతూనే వచ్చింది. కొత్త మిద్దాయన అప్పటికే ముసలివాడు. సందులో ఒక ఇరుకింటి వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చేపోయే ఆటోలను చూస్తున్నాడు. ఆమె ఎవరో చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది.

"నీ రేగడి చేను నాకు కోరుకు ఇయ్యి నాయనా. పండినదాంట్లో నీ భాగం నీకు తెచ్చిస్తా."

"మావోళ్లే గదమ్మా నీ మొగున్ని..." అని ఆయన ఆగిపోయాడు.

"ఎరుకే. ఆ మాట మాట్లాడేకి నేను రాల్యా. భూమి మాట మాట్లాడేకి వచ్చినా."

"వాళ్లు దున్ననిస్తారా నిన్ను?"

"అది నాకిడ్సిపెట్టు. నువ్వు సరే అంటే శాలు."

ముసలాయన తలూపాడు. లోపలికి కేకేసి మాకు మజ్జిగ తెప్పించాడు. ఆమె గ్లాసు అందుకుని కొంచెం ఆగింది. తన భర్తను చంపిన ఇంటి మజ్జిగ అది. తాగింది. బయటికొచ్చాక కొంగుతో కళ్లు తుడుచుకుంది, "పోదాం పా" అంది.

ఇక ఆమె ఎంచుకున్న రోజు సంగతి చెప్పాలి. రేగడి నేలను వాన పడగానే దున్నలేం, మడకకు బంక పట్టుకుంటుంది. బాగా ఆరాక దున్నలేం, రాయవుతుంది. నడుమ కొన్నాళ్లు మాత్రమే నేల మెత్తగా, తేమగా, విత్తనానికి అనువుగా ఉంటుంది. దాన్నే పదును అంటాం. పదును మీద ఉన్నప్పుడు మా రైతు సొంత తమ్ముడి పెండ్లికి కూడా గొణుక్కుంటూ పోతాడు. దసరా దాటాక మంచి వాన పడింది. రేగడిలో శనగ వేసే పదును వచ్చింది. అరుగు మీదివాళ్లలో ముక్కాలు మంది చేలకు దిగిపోయారు. ఆ రోజే ఆమె ఎద్దులను తోలుకుని బీట్లోకి పోయింది.

మగవాడెవడూ మడక పట్టడానికి రాలేదు, ఆమె పిలవనూ లేదు. ఆడది మడక పట్టడం అరిష్టమని ఊరంతా నమ్ముతుంది. ఆమె పోయే చర్చి అయ్యగారు కూడా వచ్చి, ఇది మంచిది కాదేమో ఆలోచించమన్నాడు.

"ఆదివారం దున్నొద్దని ఉండాది గానీ అయ్యగారూ, ఆడది దున్నొద్దని యాడా ల్యా. ఈ పొద్దు మంగళవారం."

నన్ను కూడా రమ్మంది, ఎద్దుకేమైనా అయితే చూడటానికి. నాకు ధైర్యం ఉండి పోలేదు. రానంటే ఈసారి చాటతో పోదని తెలిసి పోయాను. కంప పల్చగా ఉన్న రోడ్డు పక్క నేల తుంటలో మడక కట్టింది. మొదటి సాలు వంకర పోయింది. రెండోది కాస్త నయం. ఏళ్ల తరబడి మూసుకుపోయిన నేల నల్లగా తిరగబడుతుంటే వచ్చిన వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది.

జీపు వచ్చింది. ఎప్పుడూ బయటికి వేలాడుతూ మనుషులుండే జీపులో ఆ రోజు సీట్లు కూడా నిండలేదు. ఉన్నవాళ్లలో ఆమె కొడుకు ఒకడు. తల్లిని వాడి చేతే వెనక్కి పిలిపించాలని పెద్దాయన వాణ్ణి తెచ్చాడు.

"నీ మొగున్ని సంపినోళ్ల భూమి ఇది. సిగ్గుండాదా నీకు?" అని అరిచాడు పెద్దాయన.

ఆమె ఎద్దులను నిలపలేదు. సాలు పట్టుకుని ఆ కొసదాకా పోయి, మళ్లించుకుని, ఈ కొసకు వచ్చాక అప్పుడు జవాబు చెప్పింది. అంతసేపూ పెద్దాయన ఎండలో నిలబడ్డాడు. ఆ ఊళ్లో ఆయనను అంతసేపు నిలబెట్టినవాళ్లు ఇంకొకరు లేరు.

"నా మొగుడు పగతో నీ అరుగు ఎక్కల్యా నాయనా. పని ల్యాక ఎక్కినాడు. ఇంట్లో నా కొడుకుకు ఏం పని ఉండాదని ఆ పొద్దు అడిగితివే, అప్పుడు నాకాడ మాట ల్యా. ఇదో, ఈ పని ఉండాది."

ఆ తర్వాత జీపు పక్కన నిలబడ్డవాళ్లను చూసింది. "ఏమప్పా, పదునునాడు జీపెక్కి తిరుగుతాండారు, ఉత్తిగుండారా?" వాళ్లలో ఒకణ్ణి పట్టుకుని, "నీ దిబ్బచేనుకు ఇత్తనం పడిందా?" అని అడిగింది.

"ఇంగా ల్యా పెద్దమ్మా."

"రేపటికి ఆరిపోతాది సూడు."

పెద్దాయన ఆమె కొడుకు వైపు తిరిగాడు. "ఏమ్రా, సూస్తా నిలబడినావు? పోయి మీయమ్మను పిల్చకరా."

వాడు కదలలేదు. ఆమె ఎద్దులను అదిలించింది. పది అడుగులు పోయాయో లేదో కుడి పక్క వలపటి ఎద్దు కుంటింది. కాలెత్తి నిలబడిపోయింది. గిట్టలో కంపముల్లు దిగింది. నేను సంచి తీసుకుని పరుగెత్తేసరికి వాడు అప్పటికే అక్కడున్నాడు. దూడగా ఉన్నప్పటి నుంచి వాడి చేతిలో పెరిగిన ఎద్దు అది. కాలు తన తొడ మీద పెట్టుకుని, "ఉండ్రా, ఉండ్రా" అని నిమురుతున్నాడు. నేను ముల్లు లాగి మందు పెట్టాను. ఎద్దు కాలు దించి, నేల మీద మోపి చూసుకుంది.

 ఆమె మడక పిడి మేడిని వదిలేసింది. చెర్నాకోల మడక మీద ఆనించి, గట్టున పెట్టిన నీళ్ల చెంబు దగ్గరికి పోయింది. ఆమె మేడి పట్టినంతసేపూ ఆమెకు ఏ భయమూ లేదు. పెద్ద మిద్దె కోసం చచ్చినవాడి పెండ్లాన్ని పెద్ద మిద్దె మనుషులు కొట్టరు. కొడితే రేపు అరుగెక్కేవాడుండడు. ఆ లెక్క పెద్దాయనకు తెలుసు, ఆయనకు తెలుసని ఆమెకు తెలుసు. కొడుకు సంగతి వేరు. వాడు మగవాడు, వయసులో ఉన్నవాడు, ఆయన జీపులో వచ్చినవాడు. వాడు మేడి పడితే ఎదురు తిరిగినట్టే. చెంబెత్తి, కళ్లు కొడుకు మీదే ఉంచి, నీళ్లు నోట్లోకి కాకుండా మెడ మీదుగా చీరలోకి పోసుకుంది. నేను ఆమె భయపడగా చూసింది ఆ ఒక్కసారే.

వాడు చెర్నాకోల అందుకున్నాడు. మేడి పట్టి, "హో" అని ఎద్దులను అదిలించాడు. సాలు తిన్నగా పోయింది.

పెద్దాయన తన మనుషుల వైపు తిరిగాడు. వాళ్లెవరూ ఆయనను చూడటం లేదు. తిరగబడిన మట్టిని చూస్తున్నారు. దిబ్బచేను మనిషి ముందుగా నోరు విప్పాడు.

"నాయనా, నేను పోతా. పదును పోతాది."

జవాబు కోసం చూడకుండా రోడ్డెక్కి ఊరి వైపు నడిచాడు. మిగిలినవాళ్లు కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డారు. పెద్దాయన తువ్వాలతో మొహం తుడుచుకుని జీపెక్కాడు. దుమ్ము లేపుకుంటూ జీపు పోయింది. ఆమె గట్టు మీద కూలబడి, చెంబు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నన్ను చూసి, "ఉత్తిగుండావా అప్పా? ఆ కంప పెరుకు" అంది. పెరికాను. చేతులు చీరుకుపోయాయి, అయినా అంత సంతోషంగా నేను ఏ పనీ చేయలేదు.

దాంతో ఊరు మారిపోయిందని రాస్తే అబద్ధం. ఆ తర్వాత కూడా ఒకరు చచ్చారు, ఇళ్లు కాలాయి. కానీ ఆ ఏడు శనగ పండింది. ముసలాయన భాగం మూటలు ఆమె బండి మీద వేసుకుని, పట్టపగలు పెద్ద మిద్దె ముందు నుంచే కోయిలకుంట్లకు తోలుకుపోయింది. మరుసటి ఏడు ఇంకొకడు ధైర్యం చేసి బీట్లో ఒక తుంట కోరుకు అడిగాడు, ఆ తర్వాత దిబ్బచేను మనిషి. ఒకసారి పెద్దాయన బర్రెకు సూది వేస్తుంటే ఆయనే ఆ మాట ఎత్తాడు. "ఆ పొద్దు వాన రాకపోయింటే డాక్టరూ..." అని, మిగతాది మింగేశాడు.

ఆమెను మట్టి చేసే రోజు నేను పోయినప్పుడు చర్చి దగ్గర ముందు మనుషులే కనిపించలేదు. మొన్ననే మంచి వాన పడిందని, ఊరంతా పదును మీద ఉందని అప్పుడు గుర్తొచ్చింది. మట్టి మధ్యాహ్నానికి ఎందుకు పెట్టాడో కొడుకు చెప్పాడు. "పదునులో సస్తే పొద్దున ఇత్తనం ఏసుకోని, మద్యాన్నం పూడ్సండి అని సెప్పిండాది సార్."

ఒక్కొక్కరే రావడం మొదలైంది. అందరి కాళ్లకూ రేగడి మట్టి. పెద్ద మిద్దె మనవడు వచ్చాడు, కొత్త మిద్దె మనవడూ వచ్చాడు. అయ్యగారు ప్రార్థన చేశాడు, చిన్నగానే చేశాడు. పెట్టె దించాక నేను చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాను. కొడుకు పార పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. వాడి మీసాలు కూడా ఇప్పుడు నెరిశాయి. కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని అడిగాడు.

"ఏం సార్, పనిలో ఉండావా, ఉత్తిగుండావా?"

పార అందుకున్నాను. మట్టి మెత్తగా, తేమగా వచ్చింది.

గుంత పూడ్చాక ఎవరూ నిలబడి మాట్లాడుకోలేదు. ఇంకా పొద్దుందని ఎవరి చేలకు వాళ్లు పోయారు. నేను బస్సు కోసం ఊళ్లోంచి నడిచాను. పెద్ద మిద్దె ముందుకు వచ్చాక తలెత్తి చూశాను. అరుగు మీద ఒక్క మనిషీ లేడు.